పనస చెట్టుకి పూచీ

కార్తీకం వచ్చిందంటే నాకు మా దొడ్డి మీద కోపం వస్తుంది. వానలు వెనక్కి తగ్గేసరికి నూతి చుట్టూ గడ్డి మోకాళ్ళ దాకా లేచి ఉంటుంది. గాలికి పడ్డ కొబ్బరి మట్టలు దారికి అడ్డంగా ఉంటాయి. గోడల మీద నాచు, గట్ల మీద తుమ్మికూర, వీటన్నిటి మీదా ఆకులు. నడుముకి కొంగు బిగించి ఈనెల చీపురు పట్టుకుని దిగానంటే వారం దాకా నా జోలికి ఎవరూ రారు. వచ్చినా ఉత్త చేతులతో వెళ్ళరు, తలో బుట్టా మోయాల్సిందే.

ఈ ఆకుల్లో రెండు రకాలున్నాయి. గేటు పక్కనున్న బాదం చెట్టు రాల్చేవి ఒకటి. నూతి పక్కనున్న పనస చెట్టు రాల్చేవి రెండోది. బాదం ఒక్కసారిగా ఎర్రబడి, పది పన్నెండు రోజుల్లో ఉన్నదంతా కింద పోసేసి, బోడిగా నిలబడుతుంది. ఆ పది రోజులూ నడుం విరిగినా తరవాత మళ్ళీ చిగురేసి ముదిరేదాకా దాని సంగతి మరిచిపోవచ్చు. పనస అలా కాదు. రోజూ పొద్దున్న ఓ నలభై ఆకులు. ఎండలో నలభై, వానలో నలభై, పండగనాడూ నలభై. తలెత్తి చూస్తే మాత్రం చెట్టు నిన్న ఎంత పచ్చగా ఉందో ఇవాళా అంతే.

అమలాపురంలో చదువుకునే రోజుల్లో సతతహరిత వృక్షాల గురించి పరీక్షలో రాశాను. ఇవి ఏడాది పొడవునా పచ్చగా ఉండును, ఆకులు రాల్చవు అని రాస్తే మా టీచరుగారు పూర్తి మార్కులు వేశారు. ఆవిడ ఎప్పుడూ పనస చెట్టు కింద ఊడ్చి ఉండరు. పచ్చగా ఉండే చెట్టు రాల్చినంత రాలుస్తూనే, పక్కనే ఇంకోటి వేసుకుంటూ పోతుంది, మనకి కనపడనివ్వదు, అంతే. ఈ సంగతి నాకు పుస్తకం చెప్పలేదు, రాజోలు పక్కన ఈ ఊరికి కోడలిగా వచ్చాక చీపురు చెప్పింది.

నేను వచ్చింది తొంభైల్లో. పెళ్ళయిన నెలకి మా ఆయన మస్కట్ వెళ్ళిపోయారు. ఇంట్లో అత్తయ్యగారు, మావయ్యగారు, నేను, ఒక గేదె. పెంకుటింటి ముందు భాగం విప్పేసి డాబా వేద్దామని, రాబోయే డాబాకి మంచి సింహద్వారం పెట్టాలని మావయ్యగారి ఆలోచన. ఆ సింహద్వారం కోసం ఆయన కన్ను పనస చెట్టు మీద పడింది. ముప్పై ఏళ్ళ చెట్టు, చేవ తేలి ఉంటుంది, పైగా ఆ ముప్పై ఏళ్ళలో ఒక్క కాయ కాసిన పాపాన పోలేదు.

ఆ చెట్టుకి ఒక కథ ఉంది. మావయ్యగారి పెళ్ళి కొత్తపేటలో అత్తయ్యగారి పుట్టింట్లో జరిగింది. విందులో పెట్టిన పనసతొనల రుచికి మురిసిపోయి, పెళ్ళికొడుకుగారు ఒక గింజ రుమాల్లో మూటకట్టి తెచ్చుకుని నూతి పక్కన నాటారు. చెట్టు ఏపుగా పెరిగింది, కాపు మాత్రం లేదు. అప్పట్నుంచీ ఇంటికి ఎవరొచ్చినా మావయ్యగారు వాళ్ళని చెట్టు కిందకి తీసుకెళ్ళి, "ఇది మా అత్తారి ఊరి గింజండి. అక్కణ్ణించి వచ్చినవన్నీ ఇంతేనండి, చూడ్డానికే," అనేవారు. వచ్చినవాళ్ళు నవ్వేవారు. కాఫీ గ్లాసులు పట్టుకొచ్చిన అత్తయ్యగారూ నవ్వేవారు. నేను వచ్చిన మొదటి వారంలోనే ఈ మాట మూడుసార్లు విన్నాను, మూడుసార్లూ నవ్వాను.

కాయని చెట్టుని కొట్టేముందు ఒకసారి బెదిరించి చూడటం మావైపు రివాజు. ఒకరు గొడ్డలి ఎత్తి, కాస్తావా కొట్టెయ్యమంటావా అని మూడుసార్లు అడుగుతారు. ఇంకొకరు చెట్టు తరఫున నిలబడి, వద్దు వద్దు, వచ్చే ఏడు కాస్తుంది, నాదే పూచీ అంటారు. అన్నాక గొడ్డలి దించుతారు. మూడుసార్లు అడిగినా ఎవరూ పలక్కపోతే ఎత్తిన గొడ్డలి ఊరికే దించకూడదంటారు.

నా మొదటి కార్తీకంలో ఓ ఆదివారం పొద్దున్న మావయ్యగారు గొడ్డలి పట్టుకుని నన్ను పిలిచారు. "అమ్మాయ్, నువ్వు చెట్టు పక్కన నిలబడమ్మా. మీ అత్తగారు గేదె దగ్గరుంది. నేనడుగుతాను, నువ్వు పూచీ పడుదువుగాని," అన్నారు. సరేనండి అని చీపురు పక్కన పెట్టి నిలబడ్డాను. కొత్త కోడల్ని, చూశారా ఎంత చక్కగా చెప్పిందో అనిపించుకుందామని మనసులో రెండుసార్లు అప్పజెప్పుకున్నాను కూడా.

మావయ్యగారు గొంతు సవరించుకుని గొడ్డలి ఎత్తారు.

"ఏవండీ," అన్నారు చెట్టుతో. "ముప్పై ఏళ్ళయిందండి మిమ్మల్ని నాటి. నీళ్ళు పోసేం, ఎరువేసేం, ఏ లోటూ చెయ్యలేదండి. ఒక్క కాయంటే ఒక్క కాయ చూపించలేదు తమరు. కాస్తారా? కొట్టెయ్యమంటారా? ఆలోచించుకుని చెప్పండి మరి."

నాకు ఎక్కణ్ణించి వచ్చిందో నవ్వు పొడుచుకొచ్చింది. గోదావరి జిల్లాలో పుట్టినదాన్నే, అండీలకి కొత్త కాదు. కానీ గొడ్డలి ఎత్తి పట్టుకుని నరకబోయే చెట్టుకి అంత మర్యాద చేసిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆయన రెండోసారి అడిగారు. ఈసారి, "తొందరేం లేదండి," అని కలిపారు. నేను చెట్టు బోదెకి ఆనుకుని వంగిపోయాను. మూడోసారి అడిగేసరికి కళ్ళమ్మట నీళ్ళు, నోట మాట లేదు. మావయ్యగారు గొడ్డలి ఎత్తినవారు ఎత్తినట్టే ఉండిపోయారు. ఆయన మొహంలో సరదా పోయింది. మాట ఇస్తే తప్పని మనిషి, రివాజు కూడా తప్పరు. నాకు అప్పుడు భయం వేసింది.

పేడచేతులతో అత్తయ్యగారు పరుగెత్తుకొచ్చారు. "ఆగండాగండి! వచ్చే ఏడు కాస్తుందండి!"

"మూడుసార్లూ అయిపోయిందే. అమ్మాయి పలకలేదు," అన్నారు మావయ్యగారు.

"నవ్విందా లేదా?"

"నవ్వింది."

"అడిగితే నవ్విందంటే ఒప్పుకున్నట్టేనండి. పెళ్ళిచూపుల్లో నేనేవన్నా పలికేనా? నవ్వేను, మీరు ముహూర్తాలు పెట్టించేసుకోలేదా? ఇదీ అంతే. వచ్చే కార్తీకానికి కాయించే పూచీ మా కోడలిది."

మావయ్యగారు, "ఆయ్, అదీ నిజమే," అని గొడ్డలి దించారు. అలా నోరు విప్పకుండానే నేను ఒక పనస చెట్టుకి పూచీదారుని అయ్యాను. మర్నాడు వడ్రంగి వచ్చి బోదె చుట్టూ తాడు చుట్టి కొలుచుకున్నాడు. "వచ్చే కార్తీకంలో రంపం పట్టుకొస్తానండి బాబుగారూ, ఈలోగా కాస్తే మానేద్దారండి," అని వెళ్ళిపోయాడు.

అత్తయ్యగారికి ఆ చెట్టంటే ఇష్టమని అప్పటిదాకా నాకు తెలీదు. తెలిసే వీలేది? రోజూ పొద్దున్న చీపురు పట్టుకున్న దగ్గర్నుంచి దాన్ని తిడుతూనే ఉండేవారు. "పనీపాటా లేదు దీనికి, రాల్చడం తప్ప," అనేవారు. కానీ ఆదివారం వచ్చిందంటే ఆ చెట్టు ఆకులు కోసి, నాలుగాకులు కలిపి ఈనెపుల్లలతో గుచ్చి బుట్టలు కుట్టేవారు. వాటిలో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తే పొట్టిక్కలు. పనసాకు వాసన పట్టిన ఆ పొట్టిక్కల కోసం నేను మా అమ్మగారింటికి వెళ్ళడం కూడా రెండు సార్లు వాయిదా వేసుకున్నాను. మా వీధిలో ఎవరింట్లో పొట్టిక్కలు వండుకున్నా ఆకు మా చెట్టుదే. "పిన్నిగారూ, ఓ ఇరవై ఆకులు కోసుకుంటానండి," అని గేటు దగ్గర ఎవరో ఒకరు పిలిచేవారు. ఏ నెలలో వచ్చినా కాదనవలసిన పని ఉండేది కాదు.

"ఆకుల కోసం ఎవరన్నా పనస చెట్టుంచుకుంటారా?" అన్నారు ఓరోజు మావయ్యగారు, నాలుగో పొట్టిక్క విప్పుకుంటూ.

"కరివేపాకు ఏం కాస్తోందని ఉంచేరండి? తమలపాకు తీగకి గుమ్మడికాయలు వేలాడుతున్నాయేంటి?" అన్నారు అత్తయ్యగారు.

ఆయన ఐదో పొట్టిక్క అందుకున్నారు. అలాగని మాట వెనక్కీ తీసుకోలేదు. సింహద్వారం సింహద్వారమే, కార్తీకం కార్తీకమే.

ఆ ఏడాదంతా నేను చెట్టుకి చేసిన చాకిరీ మా ఆయనకి చేసి ఉంటే ఆయన మస్కట్ వదిలేసి వచ్చేసేవారు. బియ్యం కడిగిన నీళ్ళు పోశాను. చేపలు కడిగిన నీళ్ళు పోశాను. బూడిద చల్లాను. వీధిలో ఆడవాళ్ళు తలో సలహా ఇచ్చారు. పాత చెప్పు కట్టమని ఒకావిడ, చీపురుతో నాలుగు అంటించమని ఒకావిడ, బోదెలో మేకు దిగ్గొట్టమని ఒకావిడ. చెప్పు కట్టాను. చీపురుతో కొట్టాను, అదీ మెల్లిగా. మేకు మాత్రం ఒప్పుకోలేదు. రోజూ పొద్దున్నే తలెత్తి బోదె మీద, కొమ్మల మొదళ్ళలో పిందెల కోసం వెతికేదాన్ని. మెడ నొప్పి వచ్చింది గాని పిందె రాలేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఊడ్చిన ఆకుల్ని బుట్టకెత్తి దొడ్డి చివర పెంటగోతిలో పొయ్యాలి. గొయ్యి చాలా దూరం, కొబ్బరి చెట్ల అవతల. అత్తయ్యగారు లోపలికి వెళ్ళగానే నేను ఆ ఆకుల్ని గోతికి మొయ్యకుండా పనస చెట్టు మొదట్లోకి, నూతి గట్టు వెనక ఆవిడకి కనపడని వైపుకి తోసేసేదాన్ని. రోజుకి నలభై ఆకులు, ఎవరు చూడొచ్చారు? నెలలు గడిచేసరికి ఆ వైపు మోకాలెత్తు గుట్ట అయింది. జెర్రులుంటాయన్న భయంతో నేనే అందులో చెయ్యి పెట్టేదాన్ని కాదు.

వేసవిలో ఓ నాలుగు రోజులు మా దొడ్డంతా పండిన పనస వాసన. అత్తయ్యగారు గోడ అవతలికి వంగి, "పండు కోసేరా అండి?" అని అడిగితే పక్కింటావిడ, "లేదండి, మీరే కోసేరనుకుంటున్నామండి," అంది. మావయ్యగారు అరుగు మీంచి, "కొత్తపేట నించి గాలి ఇటే వస్తోందే! కాయ లేకపోయినా వాసన పంపించేరు మీవాళ్ళు," అన్నారు. అందరం నవ్వాం. అత్తయ్యగారు కూడా నవ్వారు, కానీ ఆ రోజు ఆవిడ అన్నం సరిగ్గా తినలేదు. నేను అది చూశాను. అప్పటికి ఎండ వల్లేనని సరిపెట్టేసుకున్నాను.

కార్తీకం వచ్చేసింది. వడ్రంగి సైకిల్‌కి రంపం కట్టుకుని పొద్దున్నే దిగాడు. మావయ్యగారు గొడ్డలి బయటికి తీశారు. ఈసారి ఆయన చెట్టుతో ఏమీ మాట్లాడలేదు. అత్తయ్యగారు నూతి దగ్గర నిలబడి, తోడిన చేదనే మళ్ళీ తోడుతున్నారు. నేను అటు తిరిగి కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. ఏడాదంతా చేసిన చాకిరీ పోయిందని కాదు. అత్తయ్యగారు నా పేరు పెట్టి పూచీ పడ్డారు, నేను ఆవిడ పరువు నిలబెట్టలేకపోయాను, అదీ నా ఏడుపు.

"మొదట్లో చోటు చెయ్యండమ్మా, రంపం కిందకంటా పట్టాలి," అన్నాడు వడ్రంగి.

ఆకుల గుట్ట ఇప్పుడు అందరికీ కనపడిపోతుంది. సిగ్గుపడుతూ పార తెచ్చాను. పైన ఎండాకులు, వాటి కింద తడి ఆకులు, ఆ కింద నల్లటి మట్టి అయిపోయిన ఆకులు. పారకి మెత్తగా ఏదో తగిలింది. చేత్తో తోసి చూస్తే జానెడు మొక్కలు, ఒకటి కాదు, గుంపుగా. లేత పసుప్పచ్చ కాడలు, దళసరి ఆకులు. వాటి కింద కుళ్ళి నల్లబడిపోయిన ముళ్ళ తొక్క.

"అత్తయ్యగారూ!" అని అరిచాను. చేద నూతిలో పడిన చప్పుడయింది.

మావయ్యగారు వంగి చూశారు. "ఎవరో తిని పారేసిన తొక్కయి ఉంటుందమ్మా," అన్నారు, కానీ ఆయన గొంతులో పట్టు లేదు.

అత్తయ్యగారు మోకాళ్ళ మీద కూచుని వేళ్ళతో మట్టి తీశారు. తొక్కకి తొడిమ ఉంది. ఆ తొడిమ నేలలోకి దిగే లావుపాటి వేరుకి గట్టిగా అంటుకుని ఉంది. లాగినా రాలేదు. వడ్రంగి రంపం గోడకి ఆనించి వచ్చి చూశాడు.

"వేరు పనసండి బాబుగారూ ఇది. వయసొచ్చేక కొన్ని చెట్లు కొమ్మన కాయవండి, ఇలా వేళ్ళ దగ్గర కాస్తాయి. ఆకులు కప్పేసేరు కదండి, ఎవరికీ తెలీలేదు. వేసవిలో వాసన రాలేదాండి?"

మా ముగ్గురికీ ఒకేసారి ఆ నాలుగు రోజులు గుర్తొచ్చాయి. నేను తలొంచుకుని, "ఆకులు నేనే తోసేనండి అత్తయ్యగారూ, గోతి దాకా మొయ్యలేక," అన్నాను.

"నాకు తెలీకపోవడవేంటమ్మాయ్. ఈ చెట్టు ఎదిగిన కొత్తలో నేనూ అటే తోసేదాన్ని," అన్నారు ఆవిడ. చేతులు ఇంకా ఆ మొక్కల మీదే ఉన్నాయి. మావయ్యగారిని ఏమన్నా అంటారేమో, ముప్పై ఏళ్ళ బాకీ తీర్చుకుంటారేమో అని చూస్తున్నాను. ఆవిడ మట్టి చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చారు.

"ముప్పై ఏళ్ళండి," అన్నారు. "వచ్చినవాళ్ళందరి ముందూ మా ఊరు, మా ఊరు అంటూనే ఉన్నారు. నవ్వుతూనే ఉన్నాను కదా అని మీరు అంటూనే ఉన్నారు."

మావయ్యగారికి ఏం చెయ్యాలో తోచలేదు. ఆయన చెడ్డవారు కాదు. ఆ మాట ఎవరికైనా గుచ్చుకుంటుందని నిజంగా ఆయనకి తట్టలేదు. నాకు మాత్రం తట్టిందా? నేనూ మూడుసార్లు నవ్వినదాన్నే. ఆయన వడ్రంగి వైపు చూశారు, నా వైపు చూశారు, చేతిలో గొడ్డలి వైపు చూశారు. తరవాత మెల్లిగా వంగి, ఆ గొడ్డలి అత్తయ్యగారి చేతిలో పెట్టారు. పెట్టి, వెళ్ళి చెట్టుకి వీపు ఆనించి నిటారుగా నిలబడ్డారు.

"కాయనిది చెట్టు కాదే. అడుగు," అన్నారు.

అత్తయ్యగారు కన్నీళ్ళతోనే లేచారు. గొడ్డలి బరువుకి నడుం దాకా కూడా ఎత్తలేకపోయారు.

"మా ఊరి మాట ఎత్తడం మానేస్తారా? కొట్టెయ్యమంటారా?"

మావయ్యగారు పలకలేదు. పలకవలసింది ఆయన కాదు కదా. కళ్ళు గట్టిగా మూసుకున్నారు.

"మానేస్తారా? కొట్టెయ్యమంటారా?" ఈసారి ఆవిడ గొంతులో నవ్వు, ఏడుపు కలిసిపోయాయి. వడ్రంగి అటు తిరిగి సైకిల్ సీటు తుడుచుకుంటున్నాడు.

ఆవిడ మూడోసారి అడిగారు. అడిగి నా వైపు చూశారు.

ఈసారి నేను నవ్వలేదు. పార పక్కన పడేసి, మావయ్యగారి పక్కకి వెళ్ళి, చెట్టు మీద చెయ్యి వేసి నిలబడ్డాను.

"వద్దండీ అత్తయ్యగారూ. ఇకనుంచి ఆ మాట ఎత్తరు. మావయ్యగారికి పూచీ నాది."